డెసిమేట్: పదిమందిలో ఒకడి చావు నుంచి పుట్టిన మాట. అర్థం, వాడుక, అనువాదంపై సమగ్ర మార్గదర్శి

అనువాద పనిలో చేరిన కొత్తలో ఒక ఇంగ్లిష్ వార్త నా బల్ల మీదికి వచ్చింది. ఒక పక్షిజాతి 'డెసిమేటెడ్' అయిందని మొదటి వాక్యం. డెసి అంటే పదికి సంబంధించినదని తెలుసు కాబట్టి 'పదో వంతుకు పడిపోయింది' అని రాసేశాను. కింద నాలుగో పేరాలో లెక్క ఉంది. పోయినవి దాదాపు సగం. ఆ కాపీ దిద్దిన పెద్దాయన నన్ను పిలిచి ఒక్కటే అడిగారు: "పోయింది పదో వంతా, మిగిలింది పదో వంతా?" నాకు జవాబు రాలేదు. ఇప్పుడైతే చెప్పగలను, రెండూ కాదని. ఎందుకు కాదో, మరి ఏమిటో, ఈ మాటను ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో, తెలుగులోకి ఎలా తేవాలో వరసగా చూద్దాం. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు, వార్తలు అనువదించేవాళ్లకు, విదేశాల్లో ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాయాల్సిన మన పిల్లలకు ఉపయోగపడాలని రాస్తున్నాను.

మొదటి మెట్టు: మాటను విడదీసి చూడండి

లాటిన్‌లో 'డెకెం' అంటే పది. 'డెకిముస్' అంటే పదవది. 'డెకిమారె' అంటే పదోదాన్ని తీయడం. సంస్కృతం చదివిన చెవికి ఇవి కొత్తగా అనిపించవు. డెకెం పక్కన దశ, డెకిముస్ పక్కన దశమ పెట్టి చూడండి. రెండు భాషలూ ఒకే కుటుంబానివి. మన 'పది' మాత్రం ద్రావిడ మాట, దానికి ఈ చుట్టరికం లేదు.

ఈ డెకెం సంతానం మన చుట్టూ చాలానే ఉంది. డెసిమల్ అంటే దశాంశం. డెసిలీటర్ లీటరులో పదో వంతు. డెసిబెల్ అంటే బెల్‌లో పదో వంతు, ఆ బెల్ అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద వచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్ల జేబులో ఉండే డైమ్ డాలరులో పదో వంతు. కాలేజీలో డీన్ అనే హోదా 'డెకానుస్' నుంచి వచ్చింది, పదిమందికి పెద్ద అని అర్థం. డిసెంబర్ పాత రోమన్ క్యాలెండర్‌లో పదో నెల, ఎందుకంటే అప్పుడు ఏడాది మార్చితో మొదలయ్యేది.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డినేరియస్. అది రోమన్ల వెండి నాణెం. 'ఆస్' అనే కంచు నాణేలు పది ఇస్తే ఒకటి వచ్చేది, అందుకే ఆ పేరు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో దాని విలువను పదహారు ఆస్‌లకు మార్చారు. పేరు మాత్రం మార్చలేదు. అంటే పదహారు విలువచేసే నాణేన్ని రోమన్లే 'పది' అనే పేరుతో వాడుకున్నారు. మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో కుండతో సహా దొరికిన రోమన్ వెండి నాణేలు ఈ జాతివే. ఈ డినేరియస్ సంగతి గుర్తుపెట్టుకోండి, మూడో మెట్టు దగ్గర పనికొస్తుంది.

రెండో మెట్టు: రోమన్ శిబిరంలోకి వెళ్లి రండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఈ మాట బరువు అంతా ఇక్కడే ఉంది.

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ రోమన్ సైన్యం గురించి వివరంగా రాశాడు. ఒక్క సైనికుడు తప్పు చేస్తే శిక్షించడం తేలిక. కావలి వదిలేసినవాణ్ణి తోటి సైనికులే కర్రలతో, రాళ్లతో కొట్టి చంపేవాళ్లు. కానీ ఒక దళం మొత్తం యుద్ధంలో వెన్నుచూపి పారిపోతే? అందరినీ చంపితే సైన్యం తరిగిపోతుంది. అందరినీ వదిలేస్తే రేపు మరో దళం పారిపోతుంది. దానికి రోమన్లు కనిపెట్టిన దారి ఇది. ట్రిబ్యూన్ అనే అధికారి, సైన్యంలో పెద్ద విభాగమైన లీజియన్‌ను సమావేశపరుస్తాడు. తప్పు చేసినవాళ్లను ముందుకు రప్పించి అందరి ఎదుట తీవ్రంగా మందలిస్తాడు. తర్వాత చీట్లు తీస్తారు. ఒకసారి ఐదుగురు, ఒకసారి ఎనిమిదిమంది, ఒకసారి ఇరవైమంది. తప్పు చేసినవాళ్లలో పదో వంతుకు సరిపోయేలా చూస్తారు. చీటీ ఎవరి పేరున వచ్చిందో వాళ్లను కర్రలతో కొట్టి చంపుతారు.

మిగిలిన తొమ్మిది వంతుల సంగతి చాలామంది చెప్పరు. పొలీబియస్ చెప్పాడు. వాళ్లకు గోధుమకు బదులు బార్లీ కొలిచి ఇస్తారు. శిబిరం కట్ట లోపల కాకుండా బయట, రక్షణ లేని చోట గుడారం వేసుకోమంటారు. ప్రాణం దక్కింది, పరువు పోయింది. చీటీ తనకు కూడా రావచ్చునన్న భయం మాత్రం ఎప్పటికీ పోదు.

దీనికి పేర్లూ సంవత్సరాలూ ఉన్న ఉదాహరణలు చరిత్రలో ఉన్నాయి. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పే కథ ప్రకారం క్రీస్తుపూర్వం 471లో వోల్స్కి తెగవారితో యుద్ధంలో పారిపోయిన సైన్యాన్ని సేనాని అప్పియుస్ క్లౌడియుస్ ఇలా శిక్షించాడు. ఆ తర్వాత చాలాకాలం ఈ శిక్ష మరుగున పడింది. స్పార్టకస్ నాయకత్వంలో బానిసలు తిరగబడినప్పుడు, క్రీస్తుపూర్వం 72, 71 ప్రాంతంలో, రోమన్ సేనాని క్రాసుస్ దాన్ని మళ్లీ బయటికి తీశాడు. ఆయుధాలు పారేసి ముందుగా పరుగెత్తిన ఐదువందల మందిని యాభై గుంపులు చేసి, గుంపుకు ఒక్కడి చొప్పున చంపించాడని ప్లూటార్క్ రాశాడు. మరో చరిత్రకారుడు అప్పియన్ చెప్పే అంకె దీనికన్నా చాలా పెద్దది, నాలుగు వేల దాకా పోతుంది. క్రీస్తుపూర్వం 36లో పార్థియన్ల మీదికి వెళ్లిన మార్క్ ఆంటోనీ కూడా ఇదే పని చేసి, మిగిలినవాళ్లకు బార్లీ పెట్టాడు. క్రీస్తుశకం 20లో ఆఫ్రికాలో అప్రోనియుస్ అనే అధికారి ఒక దళాన్ని ఇలా శిక్షించినప్పుడు, అది ఆ కాలానికే అరుదైన, పాతకాలపు పద్ధతి అని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

ఈ శిక్షలోని అన్యాయం రోమన్లకు తెలియక కాదు. ఓడిపోయిన సైన్యంలో పదో మనిషిని కొట్టి చంపేటప్పుడు ధైర్యవంతుడి పేరున కూడా చీటీ వస్తుందని సెనేట్‌లో కాసియుస్ అనే పెద్దమనిషి ఒప్పుకున్నట్టు టాసిటస్ రాశాడు. ఒప్పుకుని కూడా దాన్ని సమర్థించాడు. నాలుగువందలమంది బానిసలను ఒక హత్యకు బదులుగా చంపాలని వాదిస్తూ అన్న మాట అది. ఇలాంటి చోట పుట్టిన మాటను చేతిలోకి తీసుకునేటప్పుడు కొంచెం జాగ్రత్త ఉండాలని నాకనిపిస్తుంది.

పదిలో ఒకరే కాదు, ఇరవైలో ఒకరు, వందలో ఒకరు అనే లెక్కలు కూడా ఉండేవి. వందలో ఒకణ్ణి చంపించిన చక్రవర్తి మాక్రీనుస్ అది తన దయ అని చెప్పుకునేవాడని అతని పాత జీవితచరిత్ర అంటుంది. రోమ్‌తో ఈ పద్ధతి అంతం కాలేదు కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో జనరల్ కాదోర్నా నాయకత్వంలోని ఇటలీ సైన్యంలో చీట్లు తీసి సొంత సైనికులను కాల్చి చంపిన ఘటనలు ఉన్నాయి.

ఈ కథలోంచి మూడు సంగతులు మన వెంట తెచ్చుకోవాలి. దెబ్బ తగిలింది ఒక గుంపుకి, ఒక్క మనిషికి కాదు. గుంపులో కొందరు మిగిలారు. మిగిలినవాళ్లు మునుపటిలా లేరు. ఇంగ్లిష్‌లో ఈ మాట అర్థం ఎంత దూరం జరిగినా ఈ మూడూ దాన్ని వదల్లేదు. సరైన వాడుకకు తాళంచెవి ఇదే.

మూడో మెట్టు: ఇంగ్లిష్‌లో అర్థం ఎలా జరిగిందో గమనించండి

1600 ప్రాంతంలో ఈ క్రియ ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు రోమన్ శిక్ష గురించే చెప్పింది. దానితోపాటు పన్ను అర్థం కూడా నడిచింది, ఆదాయంలో పదో వంతు తీసుకోవడం అని. 1655లో ఇంగ్లండ్‌ను ఏలుతున్న క్రామ్‌వెల్ ఓడిపోయిన రాజపక్షం వాళ్ల మీద పది శాతం పన్ను వేశాడు. దాని పేరే డెసిమేషన్ ట్యాక్స్. అదే శతాబ్దంలో మూడో అర్థం కూడా తలెత్తింది, ఒక గుంపులో పెద్ద భాగాన్ని నాశనం చేయడమని. ఇవాళ మీరు చదివే నూరు వాక్యాల్లో దాదాపు అన్నీ ఈ మూడో అర్థానివే.

1870లో రిచర్డ్ గ్రాంట్ వైట్ అనే అమెరికన్ రచయిత దీని మీద గట్టిగా అభ్యంతరం చెప్పాడు. పదిలో ఒకటి కాని చోట ఈ మాట వాడటం తప్పన్నాడు. ఆ వాదన ఇప్పటికీ ఆగలేదు. మీరు 'డెసిమేటెడ్' అని రాస్తే "పదో వంతే పోయిందా?" అని అడిగే పాఠకుడు ఒకడు ఎప్పుడూ తగులుతూనే ఉంటాడు.

ఆ వాదనను తూచడానికి తెలుగు పాఠకుడికి మంచి కొలతలు ఉన్నాయి. సాహసం అంటే సంస్కృత ధర్మశాస్త్రాల్లో బలప్రయోగంతో చేసిన నేరం. మనకు సాహసం మెచ్చుకోదగ్గ గుణం. మర్యాద అంటే మొదట హద్దు. అవస్థ అంటే స్థితి. మంచి స్థితి కూడా అవస్థే. ఇవాళ 'అవస్థలో ఉన్నాను' అంటే మంచి స్థితిలో ఉన్నానని ఎవరూ అనుకోరు.

అంకెల సంగతి ఇంకా తేటగా ఉంటుంది. 'నలుగురూ ఏమనుకుంటారో' అని అమ్మ అన్నప్పుడు ఆ నలుగురు ఎవరెవరని మనం అడగలేదు. 'పదిమందిలో పరువు తీశావు' అంటే తలలు లెక్కపెట్టం. జెర్రిని శతపాది అంటాం, దానికి సరిగ్గా నూరు కాళ్లు ఎన్నడూ ఉండవు. కాళ్ల జతలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే వస్తాయి. భాషలో అంకె చాలాసార్లు లెక్క చెప్పడానికి రాదు, ఎక్కువ అనో అందరూ అనో చెప్పడానికి వస్తుంది. పదహారు ఆస్‌ల నాణేన్ని 'పది' అని పిలిచిన రోమన్లకు కూడా ఇందులో ఇబ్బంది కనిపించలేదు. డిసెంబర్ పన్నెండో నెల కాకూడదని ఎవరైనా పట్టుపడుతున్నారా?

అందుకని నా తీర్పు ఇది: పెద్ద భాగం నాశనం కావడం అనే అర్థం నిఖార్సైన ఇంగ్లిష్. భయపడకుండా వాడండి. 'పదో వంతు మిగిలేలా చేయడం' అన్నది మాత్రం పాత అర్థమూ కాదు, కొత్త అర్థమూ కాదు. నేను చేసిన తప్పు అదే.

నాలుగో మెట్టు: రాసేముందు మిగిలింది చూడండి

ఈ మాట వాడాలా వద్దా అని సందేహం వచ్చినప్పుడు పోయిన లెక్క కన్నా మిగిలిన లెక్క చూడమంటాను. నాలుగు నిజమైన ఉదాహరణల మీద ప్రయత్నిద్దాం.

1918 నవంబరులో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక ఓడ పశ్చిమ సమోవాకు ఇన్‌ఫ్లుయెంజా తెచ్చింది. కొద్ది వారాల్లో జనాభాలో అయిదో వంతుకు పైగా చనిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవా ఓడలను ఆపి, ఆ జబ్బుతో ఒక్క ప్రాణం కూడా పోకుండా కాపాడుకుంది. పశ్చిమ సమోవా గురించి 'ద ఎపిడెమిక్ డెసిమేటెడ్ ద పాపులేషన్' అని రాస్తే అది సరిగ్గా కుదిరిన వాక్యం. గుంపు ఉంది, పెద్ద నష్టం ఉంది, మిగిలిన జనం దుఃఖంలో మిగిలారు.

ఐర్లండ్‌లో 1845లో మొదలైన బంగాళదుంప కరవులో దాదాపు పదిలక్షలమంది చనిపోయారు. అంతకుముందు జనాభా ఎనభై లక్షలకు పైగా. ఎనిమిదిలో ఒకరు అన్నమాట. మరో పదిలక్షలమంది దేశం విడిచిపోయారు. పాత అర్థం పట్టుకున్నవాళ్లకూ, కొత్త అర్థం వాడేవాళ్లకూ ఇక్కడ గొడవ ఉండదు. లెక్క దాదాపు రోమన్ కొలతకు దగ్గరగానే ఉంది.

మూడోది మన దేశానిది. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి చేరి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. పశువైద్యంలో ఆ మందును భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. దీనికి 'డెసిమేటెడ్' అని చాలామంది రాస్తారు. తప్పని నేను అనను గాని, చాలదంటాను. వందలో ఒకటి మిగిలినప్పుడు 'ఆల్‌మోస్ట్ వైప్డ్ అవుట్' అనండి, లేదా అంకె చెప్పండి. పదిలో ఒకటి పోవడం నుంచి పుట్టిన మాట వందలో తొంభై తొమ్మిది పోయిన చోట బరువు మోయలేదు.

చివరిది డోడో పక్షి. ఒక్కటీ మిగల్లేదు. ఇక్కడ 'డెసిమేటెడ్' అనడం పూర్తిగా తప్పు. ఆ జాతి 'ఎక్స్‌టింక్ట్' అయింది, అంతే.

ఐదో మెట్టు: వాక్యంలో కూర్చోబెట్టండి

ఉచ్చారణ 'డెసిమేట్'. ఊనిక మొదటి అక్షరం మీద. నామవాచకం 'డెసిమేషన్', అందులో ఊనిక 'మే' మీదికి జరుగుతుంది. మొదటి అక్షరాన్ని 'డీ' అని సాగదీయకండి.

ఇది సకర్మక క్రియ. అంటే ఎవరిని, దేన్ని అన్నది వాక్యంలో ఉండాలి. 'ద పాపులేషన్ డెసిమేటెడ్' అని ఆపేస్తే వాక్యం కుంటుతుంది. 'ద పాపులేషన్ వాజ్ డెసిమేటెడ్ బై డిసీజ్' అనాలి. నిజానికి ఈ కర్మణి రూపమే ఎక్కువగా కనిపిస్తుంది.

దీని పక్కన సహజంగా కూర్చునే మాటలు కొన్ని ఉన్నాయి. పాపులేషన్, హెర్డ్, క్రాప్, ఫారెస్ట్, వర్క్‌ఫోర్స్, ర్యాంక్స్, ఇండస్ట్రీ, సేవింగ్స్. చూడండి, అన్నీ అనేకం కలిసి ఏర్పడినవే. మందలో ఆవులున్నాయి, అడవిలో చెట్లున్నాయి, పరిశ్రమలో కర్మాగారాలున్నాయి, పొదుపులో రూపాయలున్నాయి. కొన్ని పోయి కొన్ని మిగలగలవు.

ఆరో మెట్టు: ఈ తప్పులు చేయకండి

శాతం పక్కన పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. 'డెసిమేటెడ్ బై ఫిఫ్టీ పర్సెంట్' అంటే పదో వంతును మాట లోపల దాచుకున్న క్రియకు ఇంకో వంతు తగిలించడం. పాత అర్థం తెలిసినవాడికి అది పంటికింద రాయి. అంకె ఉంటే 'రెడ్యూస్డ్ బై హాఫ్' అనండి, శుభ్రంగా ఉంటుంది.

'కంప్లీట్‌లీ డెసిమేటెడ్', 'టోటలీ డెసిమేటెడ్' కూడా వద్దు. పూర్తిగా పోతే మిగిలేదేమీ ఉండదు, ఏమీ మిగలని చోట ఈ మాటకు పని లేదు. ఒక్క వస్తువుకు వాడొద్దు. ఇల్లు కాలిపోతే 'డిస్ట్రాయ్డ్', మనిషి కుంగిపోతే 'డెవాస్టేటెడ్'. 'ఐ వాజ్ డెసిమేటెడ్ బై ద న్యూస్' అన్న వాక్యం ఈమధ్య తరచుగా చూస్తున్నాను. ఒక్క మనిషిలో పదో వంతు ఎక్కడని వెతకాలి?

ఆటల వార్తల్లో తేడా గమనించండి. 'ఇంజురీస్ డెసిమేటెడ్ ద స్క్వాడ్' బంగారంలాంటి వాడుక; జట్టులో కొందరు గాయపడి, మిగిలినవాళ్లతో లాక్కురావాల్సి వచ్చిందని అర్థం. 'ఇండియా డెసిమేటెడ్ ఆస్ట్రేలియా' అన్నది మాట్లాడుకునే భాషలో చెల్లుతుంది. పరీక్ష వ్యాసంలో రాయొద్దు, 'థ్రాష్డ్' ఉంది, 'రౌటెడ్' ఉంది.

ఏడో మెట్టు: పొరుగు మాటల నుంచి విడదీయండి

నాశనం చెప్పే ఇంగ్లిష్ మాటల్లో చాలావాటి పుట్టిల్లు లాటినే. ఒక్కోదానిలో ఒక్కో బొమ్మ దాగి ఉంటుంది. ఆ బొమ్మ కంటికి కనిపిస్తే ఎక్కడ ఏది వాడాలో దానంతటదే తెలుస్తుంది.

'డెవాస్టేట్' లోపల ఉన్న బొమ్మ బీడు, పాడుపడ్డ నేల. అందుకే ఊళ్లకూ నేలకూ మనసుకూ కూడా అది నప్పుతుంది. 'అనైహిలేట్' లోపల 'నిహిల్' ఉంది, శూన్యం అని. ఏమీ మిగలకుండా చేయడం. 'ఎక్స్‌టర్మినేట్' లోపల 'టెర్మినుస్', అంటే ఎల్ల. పొలిమేర దాటించి తరమడం అన్న అర్థం నుంచి నామరూపాల్లేకుండా చేయడం దాకా వచ్చింది. 'ఎరాడికేట్' లోపల 'రాడిక్స్', అంటే వేరు. దీనికి తెలుగులో అచ్చంగా అదే బొమ్మతో మాట ఉంది: నిర్మూలన. మూలం అంటే చెట్టు వేరు అనే కదా. మశూచిని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఎరాడికేట్' అయిందని ప్రకటించింది. అక్కడ 'డెసిమేట్' పెట్టి చూడండి, మశూచి ఇంకా కొంత మిగిలి ఉందన్న అర్థం వచ్చేస్తుంది.

డెసిమేట్ లోపల ఉన్న బొమ్మ వరసలో నిలబడ్డ మనుషులు, మధ్యలో ఖాళీలు.

ఎనిమిదో మెట్టు: తెలుగులోకి తేవడం

నాకు ఎక్కువ ఇష్టమైన, ఎక్కువ కష్టమైన మెట్టు ఇది. ఒకే తెలుగు మాట దొరకదు. దొరికిందనుకుంటే అనుమానించండి.

రోమన్ శిక్ష గురించి అయితే దాపరికం లేకుండా విప్పి చెప్పండి. 'చీట్లు వేసి పదిమందికొకణ్ణి చంపే శిక్ష' అంటే ఎవరికైనా అర్థమవుతుంది. 'దశమాంశ వధ' లాంటి సమాసం కట్టొచ్చు గాని, పాఠకుడికి దాన్ని మళ్లీ విప్పి చెప్పాల్సిందే. క్రామ్‌వెల్ పన్ను అయితే 'పదోవంతు పన్ను'.

ఇవాళ్టి అర్థానికి వచ్చేసరికి మనం అలవాటుగా వాడేసే మాటలను ఒక్కోటీ తూచాలి. 'తుడిచిపెట్టుకుపోయింది' అంటే ఏమీ మిగల్లేదని. డెసిమేట్‌కు అది సరిపడదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ఉప్పునీటి అల కింద మాయమైన పల్లెల గురించి చెప్పేటప్పుడు ఆ మాట కావాలి. ఆ పల్లెల గురించి ఇంగ్లిష్‌లో రాస్తున్నా 'డెసిమేటెడ్' అనను, 'వైప్డ్ అవుట్' అంటాను. 'కకావికలం' అంటే చెల్లాచెదురు కావడం, తగ్గిపోవడం కాదు. 'ఛిన్నాభిన్నం' ముక్కలు కావడం. 'ఊచకోత'లో చంపేవాడి చేయి కనిపిస్తుంది, జబ్బుకో కరవుకో అది నప్పదు.

నాకు దొరికిన వాటిలో అన్నిటికన్నా దగ్గరైనది 'నడ్డి విరిచింది'. నడ్డి విరిగినవాడు చావలేదు, ఉన్నాడు, కానీ మునుపటిలా లేవలేడు. మిగిలినవాళ్ల సంగతి అందులో ఉంది. 'దిగుమతి వస్త్రం చేనేత నడ్డి విరిచింది' అంటే 'డెసిమేటెడ్ ద హ్యాండ్‌లూమ్ ఇండస్ట్రీ'కి ఇంతకన్నా మంచి తెలుగు ఉందనుకోను. అయితే ఇది పరిశ్రమకు, వ్యాపారానికి, వ్యవసాయానికి నప్పినట్టు జంతువులకో జనానికో నప్పదు. 'జబ్బు గొర్రెల నడ్డి విరిచింది' అంటే నిజంగానే వెన్నెముక జబ్బు అనుకుంటారు.

మందకైతే 'సగానికి సగం పోయాయి', 'మంద పలచబడిపోయింది' అనొచ్చు. నష్టం ఎక్కువైతే 'వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి' అనండి. పొదుపు సొమ్ముకు 'గండి పడింది' ఉంది. చెరువుకు గండి పడితే నీళ్లు చాలావరకు పోతాయి, అడుగున కొన్ని ఉంటాయి, బొమ్మ చక్కగా కుదురుతుంది. సైన్యానికి, పార్టీకి, జట్టుకు 'కోలుకోలేని దెబ్బ' వాడేముందు నిజంగా కోలుకోలేదా అని చూసుకోండి. రోమన్ల దళాలు చాలావరకు కోలుకున్నాయి, శిక్ష వేసిందే అందుకు.

మూలంలో అంకె ఉంటే ఈ మాటలన్నీ పక్కన పెట్టి అంకె రాయండి. 'మూడొంతుల్లో రెండొంతులు పోయాయి' అన్న వాక్యం ఏ విశేషణం కన్నా బలంగా ఉంటుంది. అంకె కోసం వార్త చివరిదాకా చదవండి. నా పక్షుల వార్తలో అది నాలుగో పేరాలో ఉంది, నేను రెండో పేరా దగ్గరే అనువాదం మొదలుపెట్టాను.

తొమ్మిదో మెట్టు: చేతితో చేసి చూడండి

కింద కొన్ని వాక్యాలు ఇస్తున్నాను. నా జవాబు చదివేముందు మీ జవాబు ఒక కాగితం మీద రాసుకోండి.

'ద ఫ్రాస్ట్ డెసిమేటెడ్ ద కాఫీ క్రాప్.' సరైన వాక్యమే. మంచు కాఫీ పంటను తీవ్రంగా దెబ్బతీసింది అనండి. 'తుడిచిపెట్టింది' అని రాస్తే కొంత పంట చేతికి వచ్చిన రైతు లెక్కలోంచి పోతాడు.

'ద కంపెనీస్ స్టాఫ్ వాజ్ డెసిమేటెడ్ బై ఎయిటీ పర్సెంట్.' శాతం తప్పు మీకు కనిపించే ఉంటుంది. 'కట్ బై ఎయిటీ పర్సెంట్' చాలు. తెలుగులో 'అయిదుగురిలో నలుగురిని ఇంటికి పంపారు'.

'ద జనరల్ ఆర్డర్డ్ ద డెసిమేషన్ ఆఫ్ ద కోహోర్ట్.' కోహోర్ట్ అంటే రోమన్ దళం కాబట్టి ఇది పాత అర్థం. 'ఆ దళాన్ని సర్వనాశనం చేయమని ఆజ్ఞాపించాడు' అని రాస్తే చరిత్రే తప్పవుతుంది. దళంలో పదిమందికొకణ్ణి చీటీ వేసి చంపమన్నాడు.

చివరిది: 'చెస్ట్‌నట్ బ్లైట్ డెసిమేటెడ్ అమెరికాస్ ఫారెస్ట్స్.' ఇది ఆలోచించాల్సింది. 1904లో న్యూయార్క్‌లో బయటపడిన ఆ శిలీంధ్రపు తెగులు అర్ధ శతాబ్దంలోపే తూర్పు అమెరికా అడవుల్లో వందల కోట్ల చెస్ట్‌నట్ చెట్లను చంపింది. చెస్ట్‌నట్ గురించి అయితే ఈ మాట చాలదు, ఎదిగిన చెట్లు దాదాపు మిగల్లేదు. అడవుల గురించి అయితే సరిపోతుంది, ఎందుకంటే మిగతా చెట్లు నిలిచాయి. వాక్యంలో ఉన్నది అడవులు. కాబట్టి సరే. చచ్చిన మొదళ్ల వేళ్ల నుంచి ఇప్పటికీ చిగుళ్లు వస్తుంటాయి, కొంత ఎదిగాక తెగులు మళ్లీ తగులుకుంటుంది. తెలుగులో నేనైతే 'ఆ తెగులుకు అడవుల్లో చెస్ట్‌నట్ చెట్టన్నది మొదలూ చిగురుగానే మిగిలింది' అని రాస్తాను.